గుత్తి దారిన బాటసారికి పూచీ ఎవరిది?

ఉష్ణమండలపు సముద్రతీర నగరాలకు విహారానికి వెళ్లేవారి క్షేమం గురించి నేడు ప్రభుత్వాలూ పత్రికలూ విస్తారంగా చర్చిస్తున్నాయి. ఎక్కడ స్నానానికి దిగవచ్చు, ఎవరిని నమ్మవచ్చు, ఏ నీళ్లు తాగవచ్చు, ఆపద వస్తే ఎవరితో మొరపెట్టుకోవాలి అనేవి ఆ చర్చలో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం మెట్టసీమలో, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న గుత్తిలో, స్నానం సంగతి తప్ప మిగిలిన ప్రశ్నలన్నీ కనీసం మూడు శతాబ్దాల పాతవి. గుత్తికి జనం విహారానికి రాలేదు. వేరెక్కడికో పోతూ గుత్తి మీదుగా వెళ్లారు. అనంతపురానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి దగ్గర కడప నుంచి బళ్లారికి పోయే తూర్పు పడమర దారి, కర్నూలు నుంచి మైసూరు సీమకు పోయే ఉత్తర దక్షిణ దారి కలుస్తాయి. దారులు కలిసే చోట అంగడి వెలుస్తుంది, అంగడి ఉన్నచోటికి దొంగా వస్తాడు, రోగమూ వస్తుంది. కనుక బాటసారి క్షేమానికి ఎవరు బాధ్యులన్నది గుత్తిని ఏలిన ప్రతి ప్రభుత్వమూ ఏదో ఒక విధంగా జవాబు చెప్పుకోవలసి వచ్చిన ప్రశ్న.

ఊరిని కాచే కోట ఆ జవాబుల్లో కంటికి కనిపించేది. చుట్టూ ఉన్న నేల నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తు లేచిన కొండ మీద, శిఖరానికీ శిఖరానికీ మధ్య గోడలు కట్టి, బురుజులతో కూడిన 15 ద్వారాలు పెట్టిన ఈ దుర్గాన్ని విజయనగర కాలపు శాసనం ఒకటి కోటలకు రాజుగా కీర్తించింది. అయితే కోట కాపాడేది ప్రభువునూ అతని సేననూ ఖజానానూ మాత్రమే. బాటసారి కోట కిందనుంచి నడిచిపోయేవాడే గాని పైకి ఎక్కేవాడు కాదు. కోట తనను తాను కూడా అన్ని వేళలా కాపాడుకోలేకపోయింది. 18వ శతాబ్దం మధ్యలో గుత్తిని స్థావరం చేసుకున్న మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే 1776లో హైదరలీ ముట్టడికి లొంగిపోయింది ఫిరంగులకు కాదు, దాహానికి. కొండ మీద వాననీరు పట్టే దొనలూ బావులూ ఎన్ని ఉన్నా, ఆశ్రయం కోరి లోపలికి చేరిన జనానికీ పశువులకూ అవి చాలలేదు. సంధి మాటలకు పూచీగా హైదరు శిబిరానికి పంపిన యువకుడు కోటలో నీళ్లు అడుగంటాయన్న సంగతిని నోరు జారి చెప్పాడనీ, ఆ తరువాత హైదరు సంధి ఊసెత్తలేదనీ మైసూరు చరిత్రకారుడు మార్క్ విల్క్స్ రాశాడు. కొండ అంచున నునుపు తేలిన సున్నపు గచ్చుతో నేటికీ నిలిచి ఉన్న చిన్న మంటపాన్ని జనం మురారిరావు గద్దె అంటారు. ఆ మంటపపు ప్రభువు చివరకు కబ్బాళదుర్గం చెరలో చనిపోయాడు.

కోట వెలుపల బాటసారిని కాచిన ఏర్పాటు పేరు కావలి. ఊరి పొలిమేరలో జరిగే దొంగతనాలకు తలారి, అంటే ఊరివారు మాన్యం ఇచ్చి నిలుపుకున్న కావలివాడు, జవాబుదారీగా ఉండేవాడు, ఇది స్థలకావలి. కొన్ని ఊళ్లకూ వాటి మధ్య దారులకూ కలిపి పాలెగాడు, అంటే సాయుధులను పోషించే స్థానిక నాయకుడు, వహించేది దేశకావలి. అందుకు అతడు ఊళ్ల నుంచీ సరుకు బండ్ల నుంచీ రుసుము వసూలు చేసుకునేవాడు. ఈ ఏర్పాటుకు ప్రాణం పహరాలో కన్న పూచీలో ఉంది. దారిన పోయేవాడి సొత్తు పోతే ఆ హద్దు కాచేవాడు దాన్ని వెతికి తెచ్చి ఇవ్వాలి, తేలేకపోతే దాని వెల కట్టివ్వాలి. దొంగల అడుగుజాడ తన పొలిమేర దాటి పక్క ఊళ్లోకి పోయిందని చూపగలిగితే ఆ భారం పక్క ఊరి తలారి మీదికి పోయేది, అక్కడ నుంచి దాని ఆవలి ఊరికి. ఇసుక వంకలో పడిన పాదం గుర్తును గంప బోర్లించి కాపాడి, పక్క ఊరి పెద్దలను పిలిచి చూపించి, జాడను వారి చేతికి అప్పగించడం ఇటువంటి ఏర్పాటులో సాక్ష్యపు పద్ధతి. 17వ శతాబ్దంలో వజ్రాల వ్యాపారం మీద ఈ దేశమంతా తిరిగి, 1652లో గుత్తికి తూర్పున ఉన్న గండికోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకున్న ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ప్రయాణికులు సాయుధులైన బంట్లను నెల జీతానికి పెట్టుకుంటారనీ, వారి నడవడికి వారి నాయకుడు పూచీ పడతాడనీ రాశాడు. ఊరి తలారికీ అద్దె బంటుకూ సూత్రం ఒక్కటే: ఆపద జరిగాక వెంటపడి అడగడానికి పేరు తెలిసిన మనిషి ఒకడు ఉండాలి.

కావలికి ఒక చీకటి ముఖం కూడా ఉంది. రుసుము అందని దారిలో దోపిడీలు పెరగడం, రుసుము అందిన మరునాడు తగ్గడం కాకతాళీయం కాదని నాటివారు ఎరుగుదురు. పాలెగాడే ఒక చేత్తో కాచి రెండో చేత్తో దోచేవాడన్న ఫిర్యాదు కంపెనీ పత్రాల నిండా కనిపిస్తుంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినప్పుడు, దత్తమండలాలుగా పేరుపడిన ఈ ప్రాంతానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, ఇక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు, వారి కింద 30 వేల దాకా సాయుధులు ఉన్నారని లెక్క కట్టాడు. 1807 వరకు సాగిన అతని ఏలుబడిలో పాలెగాళ్ల ఆయుధాలు పోయాయి, కోటలు కూలాయి, కావలి రుసుములు సర్కారుకు చేరాయి. కంపెనీ పత్రాలను ఒక జాగ్రత్తతో చదవాలి. పాలెగాడిని తొలగించదలచిన ప్రభుత్వానికి అతడు దొంగ అని రుజువు కావడం అవసరం. అయినా ఆ ఫిర్యాదులన్నీ కల్పితాలే అనడానికి వీలు లేదు.

కావలి పూచీకి అందని నేరం కూడా ఒకటి ఉండేది. ఫాన్సీగార్లు అని దక్షిణాదిన పేరుపడిన ముఠాలు, ఉత్తరాదిలో ఠగ్గులు అనే వారి వంటివారే, బాటసారుల వేషంలో బాటసారులతో కలిసి మజిలీలు చేస్తూ, నమ్మకం కుదిరాక గుడ్డతో గొంతు బిగించి చంపి పూడ్చిపెట్టేవారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన తరువాత బెంగుళూరు పరిసరాల్లో వందమంది దాకా పట్టుబడేవరకూ కంపెనీవారికి వీరి సంగతి సరిగా తెలియలేదు. మద్రాసు వైద్యుడు రిచర్డ్ షెర్వుడ్ 1816లో వీరి గురించి రాసిన వ్యాసమే తరువాత ఉత్తర భారతంలో కంపెనీ అధికారి స్లీమన్ ఠగ్గుల మీద నడిపిన వేటకు దారి చూపిన తొలి రచనల్లో ఒకటి. కొందరు పాలెగాళ్లూ గ్రామాధికారులూ దోపిడీలో వాటా తీసుకుని వీరిని కాచారని షెర్వుడ్ రాశాడు. కావలి ఏర్పాటు నడవాలంటే సొత్తు పోయినవాడు బతికి వచ్చి ఫిర్యాదు చేయాలి. బండిలో ఉన్నవారందరూ మాయమైతే అడిగేవాడు ఉండడు. ఊరికి దూరంగా, ఎప్పుడు చేరతాడో ఇంట్లోవారికి కూడా తెలియని ప్రయాణంలో చనిపోయినవాడి కోసం వెతకడం నెలల తరబడి మొదలే కాదు. ఒంటరిగా పోవద్దనీ, దారిలో కలిసిన కొత్తవారితో పొత్తు కలపవద్దనీ పెద్దలు చెప్పిన రెండు జాగ్రత్తలు ఒకదానికొకటి అడ్డు తగిలినది ఇక్కడే: ఒంటరితనం పోగొట్టుకోవడానికి కలుపుకున్న తోడే ప్రాణం తీసేది.

ఈ భయానికి మూల్యం చెల్లించినవారు దొంగలు మాత్రమే అయి ఉంటే చరిత్రకు ఇబ్బంది లేకపోయేది. కోస్తా నుంచి ఉప్పును ఎద్దుల మీద వేసుకుని మెట్టసీమకు తెచ్చి, ఇక్కడి ధాన్యాన్ని తిరుగు మోతగా తీసుకుపోయిన లంబాడీలూ, ఉప్పూ గంపలూ అమ్ముతూ ఊరూరూ తిరిగిన ఎరుకలవారూ లేకుండా గుత్తి వంటి ఊళ్లకు సముద్రపు సరుకు చేరేదే కాదు. రైలు వచ్చి వారి రవాణా జీవనాన్ని దెబ్బతీశాక, తిరుగుతూ బతికేవారందరూ అనుమానితులయ్యారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా విస్తరించింది. దారిని తమ కాళ్లతో నిలబెట్టినవారికే దారిన నడవడానికి సర్కారు అనుమతి కావలసి రావడం, ప్రయాణ భద్రత పేరిట ఈ సీమలో జరిగిన పెద్ద అన్యాయం. అది చట్టపుస్తకం నుంచి దేశమంతటా తొలగడానికి 1952 రావలసి వచ్చింది.

కంపెనీ తొలుత కావలిని ఎత్తివేసి, 1802 నుంచి దరోగాలనే జీతగాళ్లైన అధికారులకు శాంతిభద్రతలు అప్పగించే పద్ధతిని కొన్ని జిల్లాల్లో ప్రవేశపెట్టింది. ఎన్నో పల్లెలకు ఒకడుగా ఉండి, ఏ ఇంటి గుట్టూ తెలియని దరోగా వల్ల దొంగతనాలు తగ్గలేదు. మన్రో నాయకత్వాన ఏర్పడిన విచారణ సంఘం సలహా మీద 1816 నాటి నిబంధనలు గ్రామ మునసబునూ తలారినీ మళ్లీ నిలబెట్టాయి. కాని పోయిన సొత్తుకు వెల కట్టివ్వాలన్న పాత పూచీ మెల్లగా జారిపోయింది. 1859 చట్టంతో ఏర్పడిన మద్రాసు పోలీసు దళం దొంగను పట్టుకుంటే పట్టుకుంటుంది; పట్టుకోలేకపోతే బాటసారి నష్టం బాటసారిదే. ఇది ముందడుగో వెనకడుగో తేల్చి చెప్పడం తేలిక కాదు. పాత పూచీ పేద పల్లె నెత్తిన మోయలేని భారం మోపిన సందర్భాలు ఉన్నాయి. కొత్త పద్ధతిలో ఆ భారం పోయింది గాని, దానితోపాటు దారిన పోయే పరాయివాడి క్షేమంలో పల్లెకు ఉన్న సొంత పట్టింపు కూడా సన్నగిల్లింది.

దొంగల భయం పగలూ రాత్రీ మాట్లాడుకునేది; నీటి భయం మాటల్లోకి రానిది, కాని ఎక్కువ మందిని చంపింది అదే. ఎండాకాలంలో చలివేంద్రం, అంటే దారి పక్క పందిరి వేసి దాహం తీర్చే చోటు, పెట్టడం పుణ్యకార్యం. సత్రం కట్టించడం, దిగుడుబావి తవ్వించడం అంతకన్న పెద్ద పుణ్యాలు. సత్రంలో బాటసారికి కప్పు, పొయ్యి రాళ్లు, నీళ్లు దొరికేవి. కొన్నింట్లో భోజనం కూడా. అయితే ఈ ఆతిథ్యం కులం గడప దగ్గర ఆగిపోయేది. వంటలు వేరు, బావి గట్టు వేరు. అస్పృశ్యులుగా చూడబడినవారికి సత్రపు అరుగు కూడా దక్కలేదు కనుక, ధర్మసత్రాల చరిత్రను బాటసారులందరి భద్రత చరిత్రగా రాయడం సగం నిజమే అవుతుంది. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పని చేసినవాడు, తిరుపతి, కడప, అహోబిలం మీదుగా సాగిన తన ప్రయాణంలో ప్రతి మజిలీకీ అంగళ్లు ఉన్నాయా, దిగడానికి చోటు ఉందా, నీళ్లు మంచివేనా అన్న వివరాలు పట్టుదలగా రాసిపెట్టుకున్నాడు. గుత్తి అతని దారిలో లేదు గాని, దానికి తూర్పున ఉన్న ఇదే సీమలో నూరుమంది దాకా పరివారంతో నడిచే సంపన్నుడు కూడా మొదట విచారించేది నీటి గురించేనని అతని యాత్రాచరిత్ర చూపుతుంది.

1817లో బెంగాల్లోని జెస్సోర్ పరిసరాల్లో విజృంభించిన కలరా మరుసటి ఏడాదికి మద్రాసు రాజధానిని చేరింది. సేనల వెంట, తీర్థయాత్రికుల వెంట, తిరునాళ్ల వెంట అది దారులే పట్టి నడిచింది; కాబట్టి దారుల కూడలికి అది రావడం తప్పనిసరి. 1820 నుంచి మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో, పదవి వదిలి స్వదేశానికి పోయేముందు తన పాత దత్తమండలాలను చివరిసారి చూడాలని 1827 మే నెలాఖరులో మద్రాసు నుంచి బయలుదేరాడు. గుడారాల ఊరంతా కదిలినట్టు సాగే గవర్నరు పరివారంలో గుత్తి దగ్గర కలరా కనిపించింది. జులై 6 ఉదయం పత్తికొండలో మన్రోకు సోకింది, ఆ రాత్రికే ప్రాణం పోయింది. శవాన్ని మరునాడు గుత్తికి తెచ్చి కోట కింది శ్మశానంలో పూడ్చారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పాలెగాళ్ల ఆయుధాలు ఊడబీకి దారులను భద్రం చేశానని నమ్మినవాడు, ఆ దారిలోనే, ఏ కావలివాడూ పట్టలేని దానికి బలయ్యాడు. కలరా నీటిలో ఉంటుందని లండన్‌లో జాన్ స్నో చూపడానికి మరి 27 ఏళ్లు పట్టింది. అందాక గాలిని, వేసవిని, దేవతల కోపాన్ని నిందించడమే అందరికీ తెలిసినది. ఆ విషయంలో గవర్నరు వైద్యుడికీ ఊరి పూజారికీ తేడా పెద్దగా లేదు.

మన్రో స్మృతికి మద్రాసులో చాంట్రీ చెక్కిన గుర్రపు విగ్రహం 1839లో నిలిచింది. పత్తికొండలో తోపు వేసి బావి తవ్వించారు. గుత్తిలో బాటసారుల కోసం సత్రం కట్టించారు. ఈ మూడింటిలో విగ్రహానికే పేరు వచ్చింది గాని, దారిన పోతూ చనిపోయినవాడికి దారిన పోయేవారి కోసం నీడా నీళ్లూ ఏర్పరచడం ఈ సీమ సంప్రదాయానికి దగ్గరగా ఉంది.

దిగుడుబావి కథ ఇంతటితో ముగియదు. మెట్లు దిగి కాళ్లు తడుపుకుని కడవ ముంచుకునే ఈ బావి, కరువు సీమలో బాటసారి ప్రాణం నిలబెట్టిన కట్టడమే అయినా, నారికురుపు అనే జబ్బుకు పుట్టిల్లు కూడా అయింది. నీటిలోని కంటికి ఆనని పురుగులో పెరిగే పిల్లపురుగు, ఆ నీళ్లు తాగినవారి ఒంట్లో చేరి, సుమారు ఏడాదికి మూరెడు పొడవు దాటిన దారపు పోగు వంటి పురుగై కాలి నుంచి బయటపడుతుంది. మంట చల్లార్చుకోవడానికి ఆ కాలిని మళ్లీ బావి నీటిలో పెడితే పురుగు వేల పిల్లలను అందులోకి వదులుతుంది. తాగిన చోటికీ జబ్బు బయటపడిన చోటికీ మధ్య ఏడాది కాలమూ, బాటసారి విషయంలో ఎంతో దూరమూ ఉండడం వల్ల, ఏ బావి నీరు ఆ పని చేసిందో తెలుసుకునే దారి ఉండేది కాదు. రాయలసీమ, తెలంగాణ మెట్ట పల్లెలు ఈ బాధను తరాల తరబడి పడ్డాయి. మందు లేని ఈ జబ్బును గుడ్డతో నీళ్లు వడగట్టడం, మెట్లు మూసి చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం అనే మూడు పనులతో పోగొట్టారు. 1980ల తొలినాళ్లలో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమం ఫలించి, దేశంలో చివరి రోగి 1996లో కనిపించాడు; 2000లో భారతదేశానికి నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరిచింది. ఠగ్గులను అణచిన గాథకు నవలలూ సినిమాలూ వచ్చాయి. ఇంతకంటే ఎక్కువ మందికి మేలు చేసిన ఈ విజయాన్ని గుర్తుంచుకున్నవారు తక్కువ.

మద్రాసు నుంచి వాయవ్యంగా కడప, గుత్తి, ఆదోని మీదుగా సాగిన రైలుదారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన దారితో కలిసింది. వారాల బండి ప్రయాణం ఒకటి రెండు రోజుల ప్రయాణమైంది. స్టేషను ఊరికి దూరంగా పడి, గుత్తి ఆర్.ఎస్. అనే రెండో ఊరు పుట్టింది. పెద్ద జంక్షను గౌరవం మాత్రం పక్కనున్న గుంతకల్లుకు దక్కింది. దారిలో దోపిడీ భయం తగ్గింది, కాని కొత్త భయాలు వచ్చాయి. రైలు పెట్టెలో పక్కన కూర్చున్నవాడు ఎవరో తెలియదు. పొలిమేర లేదు కనుక తలారి లేడు. అధికారం ఉన్నవాడే అన్యాయం చేస్తే అడగడానికి రైలు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

1893 అక్టోబరు 4న గుంతకల్లు దగ్గర జరిగినది ఆ చివరి మాటకు సాక్ష్యం. సైనికుల రైలులో వచ్చి ఆగిన తెల్ల సిపాయిలు కొందరు దారిన పోతున్న ఇద్దరు స్త్రీల వెంటపడ్డారు. వారు రైల్వే గేటు దగ్గర కావలి ఉన్న గూళపాళ్యం హంపన్న దగ్గరికి పరుగెత్తారు. అతడు వారికి ఆశ్రయమిచ్చి అడ్డు నిలిచాడు. సిపాయిల్లో ఒకడు పేల్చిన తూటాకు బలై మరణించాడు. గుత్తిలో వకీలుగా ఉంటూ కాంగ్రెసు కార్యకర్తగా, పత్రికలకు రాసేవాడిగా పేరు పొందిన పి. కేశవపిళ్లై ఈ ఘటనను హిందూ పత్రిక ద్వారా రాజధాని అంతటికీ తెలియజేశాడు. నిందితుడిని మద్రాసు హైకోర్టులో విచారించి నిర్దోషిగా వదిలేశారు. ప్రజలు చందాలు వేసుకుని హంపన్నకు స్మారకం నిలిపారు. గేటు తెరవడం, మూయడం తప్ప అతడి ఉద్యోగంలో మరే విధీ లేదు. పరాయి స్త్రీల మానప్రాణాలకు పూచీ పడమని ఏ నిబంధనా చెప్పలేదు. చట్టపుస్తకాల నుంచి జారిపోయిన పాత కావలి ధర్మం ఒక గేటు కాపరిలో మిగిలి ఉందని అనిపించినా, ఆ మాటతో తృప్తిపడడం తప్పు. ప్రాణాలకు తెగించిన మనిషి ఉంటే తప్ప భద్రత లేని దారిని భద్రమైన దారి అనలేరు. ఆ వ్యవహారంలో కోర్టు తీర్పును మించి కేశవపిళ్లై రాతలు ఎక్కువ పని చేశాయి. జరిగినది నలుగురికీ తెలుస్తుందన్న భయం సిపాయిల రైళ్ల మీద అంతకుముందు లేనిది.

ఇదే రైలు మెట్టసీమవారికి సముద్రాన్ని దగ్గర చేసింది. మద్రాసుకు రేవు లేని రోజుల్లో, అంటే 1870లలో కట్టుబడి మొదలై తుపాను దెబ్బ తిని మళ్లీ లేచిన రేవుకు ముందు, ఓడలు ఎక్కడో దూరాన ఆగేవి. గుత్తికి వచ్చే దొర అయినా ఉత్తరమైనా మొదట ఆ అలల మీదుగా ఒడ్డుకు చేరాలి. మేకులు లేకుండా పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన మసూలా పడవ అల దెబ్బకు పగలకుండా వంగేది. దాని పక్కనే కట్టుమరాల మీద జాలరులు సాగేవారు. పడవ తిరగబడితే మునిగేవారిని పైకి లాగడం వారి పని, అలా కాపాడినవారికి పతకాలూ బహుమతులూ ఇచ్చే వాడుక కూడా ఉండేది. అంటే తీరంలో కూడా కావలి ఉంది, దానికి మనుషులు ఉన్నారు. 1880లలో గవర్నరు గ్రాంట్ డఫ్ మెరీనా విహారపథం వేయించిన తరువాత తీరం రేవు నుంచి షికారు చోటుగా మారింది. పడవ దిగే పరాయివాడు పోయి, అలలు చూడడానికి వచ్చే పరాయివాడు వచ్చాడు. ఈ రెండోవాడి వెంట కట్టుమరం లేదు. చెరువులో ఈత నేర్చినవాడికి కూడా సముద్రం వెనక్కి లాగే తీరు తెలియదు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఇరుకైన కాలువలా ఒకచోట వేగంగా వెనుదిరుగుతుంది. పైకి అక్కడే అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపించడం వల్ల కొత్తవారు ఏరి కోరి అందులోనే దిగుతారు. దానికి ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడవచ్చునన్న సంగతి జాలరి పల్లెలో పిల్లలకు తెలుసు. విశాఖలోనో చెన్నైలోనో సెలవురోజు గడపడానికి పోయిన మెట్టసీమ కుటుంబానికి అది చెప్పేవారు ఉండాలి. హెచ్చరిక బోర్డు ఉన్నా, అది ఏ భాషలో ఉందో, దాన్ని చదివించే మనిషి పక్కన ఉన్నాడో లేడో అన్నవే తేడా తెస్తాయి.

నేటి గుత్తి మళ్లీ రోడ్ల ఊరు. హైదరాబాదు నుంచి బెంగుళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, కృష్ణపట్నం రేవు నుంచి కడప, బళ్లారి సీమల మీదుగా పడమటికి పోయే 67వ నంబరు రహదారి ఇక్కడ తాకుతాయి. వాహనాలు ఊరి పక్క నుంచే వెళ్లిపోతాయి, ఎక్కువమంది గుత్తిలో దిగరు. ఇక్కడి బాటసారికి నేటి పెద్ద ఆపద వేగం, నిద్ర, రోడ్డు దాటే పశువు, వెలుగు లేని ట్రాక్టరు. 2005లో మొదలైన 108 అంబులెన్సు ఆంధ్రప్రదేశ్ దారుల మీద పోయే ఎన్నో ప్రాణాలను నిలబెట్టింది. కోట ఎక్కేవారికి ఆపదలు వేరు: పైన నీడ తక్కువ, పాత దొనల నీరు తాగడానికి పనికిరాదు, మురారిరావు గద్దె దగ్గర కొండ నిట్టనిలువుగా తెగి ఉంటుంది. తెల్లవారుజామున ఎక్కి ఎండ ముదరకముందే దిగడం, తాగే నీళ్లు వెంట మోసుకుపోవడం స్థానికులు పాటించే పద్ధతి.

నేరం జరిగినప్పుడు మాత్రం పాత పొలిమేర తగువు ఇటీవలి వరకూ బతికే ఉంది. బస్సులో బంగారం పోయిందని తెలిసేసరికి బస్సు రెండు జిల్లాలు దాటి ఉంటుంది; ఫిర్యాదుకు వెళితే నేరం తమ హద్దులో జరగలేదని స్టేషను నుంచి స్టేషనుకు తిప్పడం ప్రయాణికులకు కొత్త కాదు. తలారుల కాలంలో హద్దు దాటిన జాడను పక్క ఊరు అందుకోక తప్పేది కాదు. పోలీసు కాలంలో హద్దు ఒక సాకుగా మారింది. 2024 జులై 1న అమలుకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షను, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదును ఏ స్టేషనులోనైనా నమోదు చేయాలని విధించింది. దీన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఫిర్యాదు తీసుకున్న స్టేషను దాన్ని హద్దు గల స్టేషనుకు తానే పంపాలి. పోయిన సొత్తుకు వెల కట్టివ్వాలన్న మాట మాత్రం ఈ చట్టంలోనూ లేదు.